ఆర్‌కు ఏ బ్లాస్ లైబ్రరీ? ఎంపిక, మార్పు, థ్రెడ్లు, సరిచూడటం: సమగ్ర మార్గదర్శి

గణాంక లెక్కల భాష ఆర్‌లో రెండు పెద్ద మాత్రికలను (సంఖ్యల పట్టికలను) గుణించమంటే ఆ పని ఆర్ స్వయంగా చేయదు, బ్లాస్ అనే లైబ్రరీకి అప్పగిస్తుంది. సమీకరణాల సాధన, చోలెస్కీ విభజన, ఐగెన్ విలువలు, ఎస్‌వీడీ (సింగ్యులర్ విలువల విభజన) వంటివి లాపాక్ అనే మరో లైబ్రరీ చూసుకుంటుంది. లాపాక్ కూడా బరువైన పని వచ్చేసరికి బ్లాస్‌నే పిలుస్తుంది. ఈ రెండింటినీ పిలిచే పద్ధతి ఎప్పుడో స్థిరపడింది కాబట్టి, వెనకున్న లైబ్రరీని మార్చినా మీ ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు.

ఆర్‌తో పాటు వచ్చేది నెట్‌లిబ్ వారి రిఫరెన్స్ బ్లాస్. అది నమ్మదగినదే. కానీ ప్రాసెసర్ క్యాష్‌నీ (లోపలి చిన్న, వేగవంతమైన మెమరీ) వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లనూ (ఒకేసారి అనేక సంఖ్యల మీద పనిచేసేవి) వాడుకునేలా రాసినది కాదు, ఒకే థ్రెడ్‌లో, అంటే ఒకే పనిధారగా నడుస్తుంది. పెద్ద మాత్రికల గుణకారంలో దీనికీ మెరుగుపరచిన లైబ్రరీకీ మధ్య ఒకే కోర్ మీద పది రెట్ల తేడా కనిపించడం మామూలే. కోర్లు పెరిగితే తేడా ఇంకా పెరుగుతుంది.

చాలామంది ఏ లైబ్రరీ వేగవంతమైనదన్న ప్రశ్నతో మొదలుపెడతారు. మంచి లైబ్రరీల మధ్య తేడా సాధారణంగా కొద్ది శాతాలే. థ్రెడ్ల సంఖ్య తప్పుగా పెట్టుకుంటే మాత్రం ఏ లైబ్రరీ అయినా రిఫరెన్స్ బ్లాస్ కన్నా నెమ్మదిగా నడవగలదు. అందుకే ఈ మార్గదర్శిలో లైబ్రరీల పోలిక చిన్నది, మిగతావి పెద్దవి.

మొదటి మెట్టు: మీ లెక్కలకు లాభం ఉందో లేదో తేల్చుకోవడం

బ్లాస్‌లో మూడు స్థాయిలున్నాయి. మొదటి స్థాయి వెక్టర్ మీద వెక్టర్ పని, 1979లో ప్రచురితమైంది. రెండోది మాత్రిక మీద వెక్టర్, 1988. మూడోది మాత్రిక మీద మాత్రిక, 1990. లాభమంతా దాదాపు మూడో స్థాయిలోనే ఉంది.

కారణం మెమరీ. 4000 వరుసలు, 4000 నిలువు వరుసలున్న మాత్రికకు 128 మెగాబైట్లు పడతాయి. అలాంటి రెండింటిని గుణించడానికి 2 × 4000 × 4000 × 4000, అంటే 12,800 కోట్ల ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు కావాలి. ప్రతి సంఖ్యా 4000 సార్లు వాడుకలోకి వస్తుంది. కాబట్టి మాత్రికను క్యాష్‌లో పట్టే ముక్కలుగా కోసి, ఒకసారి తెచ్చిన ముక్కను పదేపదే వాడుకునే లైబ్రరీ గెలుస్తుంది. అదే మాత్రికను ఒక వెక్టర్‌తో గుణిస్తే ప్రతి సంఖ్యా ఒక్కసారే పనికొస్తుంది. అక్కడ వేగాన్ని నిర్ణయించేది మెమరీ నుంచి డేటా వచ్చే వేగం. దాన్ని ఏ లైబ్రరీ పెద్దగా పెంచలేదు.

ఆర్‌లో బాగా లాభపడేవి: %*% గుణకారం, క్రాస్‌ప్రాడ్(), టీక్రాస్‌ప్రాడ్(), సాల్వ్(), చోల్(), ఎస్‌వీడీ(), ఐగెన్(), వీటి మీద ఆధారపడే పీఆర్‌కాంప్() వంటివి. ఆర్‌సీపీపీ ఆర్మడిల్లోతో రాసిన ప్యాకేజీలు ఆర్ వాడే బ్లాస్‌నే వాడతాయి కాబట్టి అవీ లాభపడతాయి. మ్యాట్రిక్స్ ప్యాకేజీలో స్పార్స్ (ఎక్కువ భాగం సున్నాలున్న) మాత్రికల చోలెస్కీ చేసే చోల్‌మాడ్, సూపర్‌నోడల్ పద్ధతిలో నడిచినప్పుడు బ్లాస్‌ను పిలుస్తుంది.

ఇక ఆశ పెట్టుకోకూడనివి. రిగ్రెషన్ చేసే ఎల్‌ఎం(), జీఎల్‌ఎం() లాభపడవని తెలిసి చాలామంది ఆశ్చర్యపోతారు. అవి లాపాక్‌ను వాడవు. లాపాక్‌కు ముందుతరమైన లిన్‌పాక్ నుంచి మార్చి రాసుకున్న క్యూఆర్ విభజనను వాడతాయి, అది మొదటి స్థాయి బ్లాస్ మీద నడుస్తుంది. దాన్ని అలాగే ఉంచడానికి గట్టి కారణముంది: ఇతర నిలువు వరుసల మీద దాదాపుగా ఆధారపడిన వాటిని చివరికి నెట్టి, ఏ గుణకం ఎన్‌ఏ (విలువ లేనిది) కావాలో అదే తేలుస్తుంది. ఎల్‌ఎంఈ4 ఐగెన్ అనే సీ++ లైబ్రరీ మీద నడుస్తుంది (ఇది ఆర్‌లోని ఐగెన్() ఫంక్షన్‌కు సంబంధం లేనిది), అందులోని పనిలో అధికభాగం బ్లాస్ దాకా రాదు. డేటా.టేబుల్ పనులు, నిర్ణయ వృక్షాల పద్ధతులు, డిస్ట్() దూరాలు కూడా అంతే.

వరుసలు లక్షల్లో, నిలువు వరుసలు వందల్లో ఉన్న రిగ్రెషన్‌కు క్రాస్‌ప్రాడ్(), చోల్() కలిపి నార్మల్ సమీకరణాలు సాధిస్తే మూడో స్థాయి వేగమంతా దక్కుతుంది. కానీ అలా చేసినప్పుడు కండిషన్ నంబర్ (చిన్న పొరపాట్లు జవాబులో ఎంత పెరుగుతాయో చెప్పే అంకె) వర్గమవుతుంది. అది మొదట కోటి దాటి ఉంటే, వర్గం 10^14 దగ్గరకు చేరుతుంది. డబుల్ ప్రెసిషన్‌లో ఉన్నవి సుమారు 16 అంకెలే కాబట్టి నమ్మదగిన అంకెలు రెండో మూడో మిగులుతాయి. అలాంటి డేటాకు క్యూఆర్()లో లాపాక్ ఆప్షన్‌ను ట్రూగా పెట్టి వాడటం క్షేమం. అయితే ఆ దారిలో ఆర్ ర్యాంకును (స్వతంత్రమైన నిలువు వరుసల సంఖ్యను) కనిపెట్టదు, పూర్తి ర్యాంకు ఉందనే అనుకుంటుంది.

ఏది ఎంత సమయం తింటోందో ఆర్‌ప్రాఫ్()తో కొలవండి. మొత్తం సమయంలో 30 శాతమే బ్లాస్ పనైతే, ఆ పనిని సున్నాకు తెచ్చినా మొత్తం వేగం 1.4 రెట్లే పెరుగుతుంది. అలాంటి చోట ఇక్కడితో ఆగి, మిగతా 70 శాతాన్ని బాగుచేయడం మేలు.

రెండో మెట్టు: ఇప్పుడున్నదేమిటో చూడటం, కొలవడం

సెషన్‌ఇన్ఫో() నడపండి. ఆర్ 3.4 నుంచి అందులో బ్లాస్, లాపాక్ ఫైళ్ల దారులు కనిపిస్తాయి. దారిలో ఓపెన్‌బ్లాస్, ఎంకేఎల్, ఫ్లెక్సీబ్లాస్ వంటి పేరుంటే అర్థమైపోతుంది. లిబ్‌ఆర్‌బ్లాస్ అని ఉంటే ఆర్ సొంత కాపీ అయ్యే అవకాశం ఎక్కువ, అయితే ఆ పేరుతో ఉన్నది వేరే లైబ్రరీకి సింబాలిక్ లింకు కూడా కావచ్చు. లైనక్స్‌లో సందేహం పూర్తిగా తీరాలంటే, నడుస్తున్న ఆర్ ప్రాసెస్ నంబరు తీసుకుని ప్రాక్ డైరెక్టరీలో ఆ నంబరు కింద ఉన్న మ్యాప్స్ ఫైల్లో బ్లాస్ అని వెతకండి. నిజంగా మెమరీలోకి ఎక్కినవన్నీ అక్కడ ఉంటాయి. ఆర్ నుంచి పైథాన్‌ను పిలిచే రెటిక్యులేట్ ద్వారా పైథాన్ లెక్కల ప్యాకేజీ నంపై కూడా వాడుతుంటే రెండు లైబ్రరీలు కనిపించవచ్చు, ఎందుకంటే పిప్‌తో వచ్చే నంపై తన ఓపెన్‌బ్లాస్‌ను తనే వెంట తెచ్చుకుంటుంది.

తర్వాత కొలత. 4000 × 4000 మాత్రికను ఆర్‌నార్మ్()తో నింపి, దాన్ని దానితోనే %*%తో గుణిస్తూ సిస్టమ్.టైమ్() పెట్టండి. మొదటిసారి వచ్చిన అంకెను వదిలేసి, తర్వాతి ఐదింటి మధ్యగతం తీసుకోండి. 128ని గడిచిన సెకన్లతో భాగిస్తే వేగం గిగాఫ్లాప్స్‌లో (సెకనుకు వంద కోట్ల లెక్కలు ఒక గిగాఫ్లాప్) వస్తుంది.

ఆ అంకె మంచిదో కాదో చెప్పడానికి పోల్చుకునే కొలబద్ద కావాలి. ఏవీఎక్స్2 (వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్ల ఒక తరం)తో పాటు రెండు ఎఫ్‌ఎంఏ (గుణించి కూడే) యూనిట్లున్న కోర్ ఒక సైకిల్‌కు 16 డబుల్ లెక్కలు చేయగలదు. 3 గిగాహెర్ట్జ్ మీద అది కోర్‌కు 48 గిగాఫ్లాప్స్. ఏవీఎక్స్-512లో రెండు ఎఫ్‌ఎంఏ యూనిట్లుంటే సైకిల్‌కు 32. మంచి లైబ్రరీ ఒక కోర్ మీద ఈ గరిష్ఠంలో మూడొంతులకు పైగా అందుకోవాలి. 48 రావలసిన చోట రెండో మూడో వస్తుంటే రిఫరెన్స్ బ్లాస్ నడుస్తున్నట్టే. 20 దగ్గర ఆగిపోతే లైబ్రరీ మీ ప్రాసెసర్‌ను గుర్తించక పాత తరం కెర్నల్‌ను (అసలు లెక్క చేసే లోపలి ముక్కను) ఎంచుకుందేమో చూడాలి.

సిస్టమ్.టైమ్() ఇచ్చే యూజర్ సమయాన్ని గడిచిన సమయంతో భాగిస్తే సుమారుగా ఎన్ని థ్రెడ్లు పనిచేశాయో తెలుస్తుంది. ఈ నిష్పత్తి తర్వాత చాలాసార్లు పనికొస్తుంది, రాసి పెట్టుకోండి.

మూడో మెట్టు: లైబ్రరీని ఎంచుకోవడం

ఎక్కువమందికి సరైన జవాబు ఓపెన్‌బ్లాస్. కజుషిగే గోటో రాసిన గోటోబ్లాస్2 నుంచి పుట్టింది, బీఎస్‌డీ లైసెన్సు, ఇంటెల్, ఏఎండీ, ఆర్మ్, పవర్ ప్రాసెసర్లన్నిటికీ చేత్తో మెరుగుపరచిన కెర్నళ్లున్నాయి. లాపాక్ కూడా అందులోనే ఉంటుంది, చోలెస్కీ, ఎల్‌యూ వంటి కొన్నింటికి సొంత వేగవంతమైన రూపాలున్నాయి. డైనమిక్ ఆర్కిటెక్చర్ ఆప్షన్‌తో కట్టిన కాపీ, నడిచే సమయంలోనే ప్రాసెసర్‌ను గుర్తించి తగిన కెర్నల్ ఎంచుకుంటుంది. ఏది ఎంచుకుందో చూడాలంటే ఓపెన్‌బ్లాస్_వెర్బోస్ వేరియబుల్‌ను 2గా పెట్టి ఆర్ తెరవండి. తప్పుగా ఎంచుకుంటే ఓపెన్‌బ్లాస్_కోర్‌టైప్‌తో మీరే చెప్పవచ్చు.

ఇంటెల్ ఎంకేఎల్ ఉచితమే కానీ సోర్స్ కోడ్ ఇవ్వరు. ఇంటెల్ యంత్రాల మీద, ముఖ్యంగా ఎస్‌వీడీ, ఐగెన్ వంటి లాపాక్ పనుల్లో, చిన్న మాత్రికల్లో బలంగా ఉంటుంది. ఏఎండీ ప్రాసెసర్ల మీద దాన్ని వేగంగా నడపడానికి ఒకప్పుడు ఎంకేఎల్_డీబగ్_సీపీయూ_టైప్ వేరియబుల్‌ను 5గా పెట్టే చిట్కా ఉండేది. 2020 మొదటి అప్‌డేట్‌తో అది పనిచేయడం మానేసింది. ఇప్పటికీ కొన్ని చోట్ల ఆ సలహా కనిపిస్తుంది, పాటించి లాభం లేదు.

ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన బ్లిస్, దాని ఆధారంగా ఏఎండీ తయారుచేసే రూపం ఏఎండీ సర్వర్ల మీద చక్కగా నడుస్తాయి. కానీ బ్లిస్‌లో లాపాక్ ఉండదు. దానికి లిబ్‌ఫ్లేమ్‌నో రిఫరెన్స్ లాపాక్‌నో జత చేయాలి. మ్యాక్ మీద ఆపిల్ సొంత యాక్సెలరేట్‌కు పోటీ తక్కువ. ఎం1 నుంచి ఆ చిప్పుల్లో ఉన్న మాత్రికల ప్రత్యేక యూనిట్‌ను అది వాడుకుంటుంది. అట్లాస్‌ను మీ యంత్రం మీదే కట్టుకుంటే తప్ప లాభం లేదు, పైగా థ్రెడ్ల సంఖ్య కట్టేటప్పుడే ఖరారైపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు దాన్ని వదిలేయవచ్చు.

నాలుగో మెట్టు: వెనక్కి రాగలిగేలా మార్చడం

డెబియన్, ఉబుంటులో లిబ్‌ఓపెన్‌బ్లాస్0-పీథ్రెడ్ ప్యాకేజీ పెట్టుకుంటే సరిపోతుంది, ఆర్‌ను మళ్లీ కట్టనక్కర్లేదు. అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ ఆదేశంలో లిబ్‌బ్లాస్.ఎస్‌ఓ.3కు ఒకసారి, లిబ్‌లాపాక్.ఎస్‌ఓ.3కు ఒకసారి ఎంపిక చేయండి. పేరు చివర యంత్ర నిర్మాణం కూడా ఉంటుంది, మొత్తం రాయాలి. రెండింటినీ ఒకే లైబ్రరీ వైపు తిప్పడం మరవకండి. బ్లాస్ ఒకరిది, లాపాక్ ఇంకొకరిదైనా తరచు పనిచేస్తుంది కానీ, సమస్య వచ్చినప్పుడు ఎవరి తప్పో తేలదు.

ఫెడోరాలో 33వ విడుదల నుంచి ఫ్లెక్సీబ్లాస్ మధ్యవర్తిగా ఉంది. ఆర్ దానికే లింకై ఉంటుంది, వెనకున్న లైబ్రరీని ఫ్లెక్సీబ్లాస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఎంచుకోవచ్చు. అదే పేరున్న ఆర్ ప్యాకేజీతో సెషన్ మధ్యలోనే మార్చవచ్చు. అనేక లైబ్రరీలను పోల్చాలనుకునేవారికి ఇంతకన్నా సుఖమైన దారి లేదు. కొండా-ఫోర్జ్‌లో లిబ్‌బ్లాస్ ప్యాకేజీ బిల్డ్ పేరులో ఓపెన్‌బ్లాస్, ఎంకేఎల్, బ్లిస్, నెట్‌లిబ్‌లలో ఏది కావాలో రాస్తే అదే వస్తుంది.

మ్యాక్‌లో క్రాన్ ఇచ్చే ఆర్‌తో పాటు యాక్సెలరేట్‌కు కలిపే ఫైలు ముందే వస్తుంది. ఆర్ ఫ్రేమ్‌వర్క్‌లోని లిబ్ డైరెక్టరీకి వెళ్లి, లిబ్‌ఆర్‌బ్లాస్.డైలిబ్ అనే లింకును లిబ్‌ఆర్‌బ్లాస్.వెక్‌లిబ్.డైలిబ్ వైపు తిప్పండి. వెనక్కి రావాలంటే లిబ్‌ఆర్‌బ్లాస్.0.డైలిబ్ వైపు తిప్పాలి. ఆర్ కొత్త విడుదల పెట్టినప్పుడల్లా ఈ పని మళ్లీ చేయాలి.

విండోస్‌లో ఆర్ బిన్ ఫోల్డర్‌లోని ఎక్స్64లో ఉండే ఆర్‌బ్లాస్.డీఎల్‌ఎల్, ఆర్‌లాపాక్.డీఎల్‌ఎల్‌లను ముందు వేరే చోట దాచండి. తర్వాత ఓపెన్‌బ్లాస్ డీఎల్‌ఎల్‌ను ఆ రెండు పేర్లతో కాపీ చేయండి. ఓపెన్‌బ్లాస్ విడుదలల్లో ఎక్స్64, ఎక్స్64-64 అని రెండు జిప్ ఫైళ్లుంటాయి. రెండోది 64 బిట్ల పూర్ణాంకాలతో కట్టినది. ఆర్ బ్లాస్‌కు 32 బిట్ల పూర్ణాంకాలే పంపుతుంది. కాబట్టి రెండోది పెడితే ఆర్ కూలిపోతుంది, లేదా చెత్త జవాబులిస్తుంది. మొదటిదే తీసుకోండి.

సోర్స్ నుంచి ఆర్ కట్టుకునేవారు కాన్ఫిగర్‌కు --విత్-బ్లాస్, --విత్-లాపాక్ ఆప్షన్లు ఇవ్వాలి. ఎంకేఎల్‌తో కడుతుంటే జీఫోర్ట్రాన్‌కు సరిపోయే ఇంటర్‌ఫేస్ పొరను, అంటే పేరులో జీఎఫ్_ఎల్‌పీ64 ఉన్నదాన్ని లింకు చేయండి. సంకీర్ణ సంఖ్యను ఫంక్షన్ తిరిగి ఇచ్చే తీరు ఇంటెల్ కంపైలర్‌కూ జీఫోర్ట్రాన్‌కూ వేరు. తప్పు పొర పెడితే వాస్తవ సంఖ్యల లెక్కలన్నీ సరిగ్గా వస్తూనే, సంకీర్ణ మాత్రికల దగ్గర మాత్రం ఆర్ కూలిపోతుంది. ఒకే లైబ్రరీ ఫైలుగా వచ్చే ఎంకేఎల్_ఆర్‌టీని వాడితే ఎంకేఎల్_ఇంటర్‌ఫేస్_లేయర్‌ను జీఎన్‌యూ,ఎల్‌పీ64గా, ఎంకేఎల్_థ్రెడింగ్_లేయర్‌ను జీఎన్‌యూగా పెట్టండి. లేకపోతే థ్రెడ్లను నడిపే ఓపెన్‌ఎంపీ రన్‌టైమ్‌లు రెండు వేర్వేరుగా ఒకే ప్రాసెస్‌లో చేరి తగవు పడతాయి.

ఐదో మెట్టు: థ్రెడ్లు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. లైబ్రరీ తనంతట తాను యంత్రంలో కనిపించిన కోర్లన్నీ వాడేస్తుంది. ఒంటరిగా ఒక పెద్ద మాత్రికను గుణించేటప్పుడు అది మంచిదే. 16 కోర్ల యంత్రం మీద, పనిని సమాంతర ప్రాసెస్‌లకు పంచే ఎంసీలాప్లై()తో 16 పనివాళ్లను పెట్టి, ఒక్కొక్కరు 16 థ్రెడ్లు తెరిస్తే 256 థ్రెడ్లు 16 కోర్ల కోసం కొట్టుకుంటాయి. సమాంతరంగా చేశాక పని నెమ్మదించిందంటే మొదట అనుమానించవలసింది దీన్నే. పనివాళ్ల సంఖ్యనూ ఒక్కొక్కరి థ్రెడ్లనూ గుణిస్తే భౌతిక కోర్ల సంఖ్య దాటకూడదు. మామూలుగా బయట సమాంతరం ఉన్నప్పుడు లోపల ఒక్క థ్రెడ్ పెట్టడమే మేలు.

హైపర్‌థ్రెడింగ్ చూపే కోర్లను లెక్కలోకి తీసుకోకండి. మంచి బ్లాస్ కెర్నల్ ఒక్కటే కోర్‌లోని ఎఫ్‌ఎంఏ యూనిట్లను నింపేస్తుంది, రెండో థ్రెడ్‌కు మిగిలేది క్యాష్ కోసం పోటీయే. వేగపు కోర్లు, పొదుపు కోర్లు కలిసి ఉన్న ప్రాసెసర్ల మీద వేగపు కోర్ల సంఖ్యతో మొదలుపెట్టండి. పని సమాన ముక్కలుగా పంచితే అందరూ నెమ్మదైన కోర్ కోసం ఆగాల్సి వస్తుంది.

వేరియబుళ్లు ఇవి, అన్నీ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో రాయాలి: ఓపెన్‌బ్లాస్_నమ్_థ్రెడ్స్, ఎంకేఎల్_నమ్_థ్రెడ్స్, బ్లిస్_నమ్_థ్రెడ్స్, యాక్సెలరేట్‌కు వెక్‌లిబ్_మ్యాగ్జిమమ్_థ్రెడ్స్. ఓపెన్‌బ్లాస్‌ను ఓపెన్‌ఎంపీతో కట్టి ఉంటే అది తన సొంత వేరియబుల్‌ను పట్టించుకోదు, ఓఎంపీ_నమ్_థ్రెడ్స్ పెట్టాలి. వీటిని ఆర్ మొదలయ్యేముందే షెల్‌లో పెట్టాలి. ఓపెన్‌బ్లాస్ మెమరీలోకి ఎక్కేటప్పుడే వేరియబుల్‌ను చదివేస్తుంది. సెషన్‌లో సిస్.సెట్ఎన్వ్()తో తర్వాత మార్చినా వినిపించుకోదు. నడుస్తున్న సెషన్‌లో మార్చాలంటే ఆర్‌హెచ్‌పీసీబ్లాస్‌సీటీఎల్ ప్యాకేజీలోని బ్లాస్_సెట్_నమ్_థ్రెడ్స్() వాడండి. మేక్‌క్లస్టర్()తో కొత్త ప్రాసెస్‌లు పుట్టిస్తే మాత్రం సిస్.సెట్ఎన్వ్() పనిచేస్తుంది. అవి తల్లి ప్రాసెస్ నుంచి వేరియబుళ్లు తీసుకుని లైబ్రరీని కొత్తగా ఎక్కిస్తాయి.

కంటైనర్లలో ఇంకో చిక్కుంది. 64 కోర్ల యంత్రం మీద 4 సీపీయూల కోటా ఇచ్చినా, కోటా అనేది సమయం మీద పరిమితి మాత్రమే. లైబ్రరీకి 64 కోర్లూ కనిపిస్తూనే ఉంటాయి, 64 థ్రెడ్లు తెరుస్తుంది. కంటైనర్ నిర్వచనంలోనే థ్రెడ్ల సంఖ్యను 4 అని రాసేయండి.

ఫోర్క్‌తో (నడుస్తున్న ప్రాసెస్‌ను నకలు తీసి పిల్ల ప్రాసెస్‌ను పుట్టించడం, ఎంసీలాప్లై() చేసేది ఇదే) వచ్చే స్తంభన కూడా తెలిసి ఉండాలి. జీఎన్‌యూ ఓపెన్‌ఎంపీతో కట్టిన లైబ్రరీ తల్లి ప్రాసెస్‌లో ఒకసారి థ్రెడ్లు తెరిచాక ఎంసీలాప్లై() చేస్తే, పిల్ల ప్రాసెస్ మొదటి గుణకారం దగ్గరే కదలకుండా ఉండిపోవచ్చు. ఎర్రర్ రాదు, సీపీయూ వాడకం సున్నా. పీథ్రెడ్‌తో (సిస్టమ్ సొంత థ్రెడ్లతో) కట్టిన ఓపెన్‌బ్లాస్ ఫోర్క్‌ను పట్టించుకుని తనను సర్దుకుంటుంది. ఎంసీలాప్లై() ఎక్కువగా వాడేవారు అందుకే పీథ్రెడ్ రూపాన్ని ఎంచుకోవాలి. యాక్సెలరేట్‌తో ఫోర్క్ నమ్మదగినది కాదు, మ్యాక్ మీద మేక్‌క్లస్టర్() వాడండి.

సరైన సంఖ్య కోసం మీ సొంత పని తీసుకుని 1, 2, 4, 8 థ్రెడ్లతో కొలవండి. రెట్టింపు చేసినా సమయం ఐదో వంతు కూడా తగ్గకపోతే అక్కడ ఆగండి. ఎంసీఎంసీ (పదేపదే నమూనాలు తీసే పద్ధతి) వంటి పనుల్లో 10 × 10 మాత్రికల మీద లక్షల లెక్కలుంటే సరైన సంఖ్య దాదాపు ఎప్పుడూ ఒక్క థ్రెడే.

ఆరో మెట్టు: జవాబులు సరిచూడటం

ఫ్లోటింగ్ పాయింట్ కూడిక వరుస మారితే చివరి అంకెలు మారతాయి. లైబ్రరీ మారినా, థ్రెడ్ల సంఖ్య మారినా వరుస మారుతుంది. కాబట్టి పాత జవాబులతో ఐడెంటికల్()తో పోల్చకండి. ఆల్.ఈక్వల్() వాడండి, దాని మామూలు సహనం సుమారు 1.5 × 10^-8.

స్వతంత్రంగా సరిచూడటం ఇంకా మంచిది. 1000 × 1000 సౌష్ఠవ మాత్రికకు ఐగెన్() చేసి, ముక్కలను తిరిగి గుణించి అసలు మాత్రికతో తేడా చూడండి. సాల్వ్() ఇచ్చిన జవాబును సమీకరణంలో పెట్టి శేషం చూడండి. మాత్రిక, జవాబుల పరిమాణంతో భాగించిన శేషం 10^-13 చుట్టుపక్కల ఉండాలి. 10^-6 వస్తే ఆ లైబ్రరీని తీసేయండి. సంకీర్ణ మాత్రికతో కూడా ఒక ఐగెన్() చేసి చూడండి, ఇంటర్‌ఫేస్ పొర తప్పయితే అక్కడే బయటపడుతుంది. సోర్స్ నుంచి కట్టినవారు మేక్ చెక్-ఆల్ నడపకుండా వాడకంలోకి దిగకూడదు.

కొన్ని తేడాలు మాత్రం తప్పులు కావు. ఐగెన్ వెక్టర్‌కు గుర్తు మారినా అది సరైన వెక్టరే. అందువల్ల ప్రధాన అంశాల విశ్లేషణలో ఒక అక్షం తిరగబడి కనిపించవచ్చు. ప్రతి వెక్టర్‌లో పెద్ద పరిమాణమున్న మూలకం ధనాత్మకం కావాలని నియమం పెట్టుకుంటే ఇది పోతుంది. మాస్ ప్యాకేజీలోని ఎంవీఆర్‌నార్మ్() ఐగెన్ విభజన మీద ఆధారపడుతుంది కాబట్టి, ఒకే సీడ్ ఇచ్చినా లైబ్రరీ మారితే వేరే నమూనాలు రావచ్చు. దాని మీద కట్టిన సిమ్యులేషన్‌ను మరో యంత్రం మీద అక్షరాలా మళ్లీ రాబట్టాలంటే లైబ్రరీనీ థ్రెడ్ల సంఖ్యనూ కూడా ఖరారు చేయాలి. ఎంకేఎల్‌లో ఇందుకు ఎంకేఎల్_సీబీడబ్ల్యూఆర్ వేరియబుల్ ఉంది, దాన్ని పెడితే వేగం కొంత తగ్గుతుంది.

మార్చాక కూడా వేగం రాకపోతే ఒక్క విషయం చూడండి. మాత్రికలో ఒక్క ఎన్‌ఏ (ఖాళీ విలువ) లేదా ఎన్‌ఏఎన్ (సంఖ్య కాని ఫలితం) ఉన్నా, ఆర్ మామూలు అమరికలో %*% బ్లాస్‌ను వదిలి తన సొంత నెమ్మదైన లూపులోకి వెళ్తుంది. ఆర్ 3.4లో వచ్చిన మ్యాట్‌ప్రాడ్ ఆప్షన్ దీన్ని నియంత్రిస్తుంది. దాన్ని బ్లాస్ అని పెడితే ఎప్పుడూ బ్లాసే నడుస్తుంది, కానీ అప్పుడు ఎన్‌ఏ, ఎన్‌ఏఎన్‌ల మధ్య తేడా నిలుస్తుందన్న భరోసా ఉండదు. ముందు ఎనీఎన్‌ఏ()తో చూసి, ఖాళీలను ముందే తేల్చుకోవడమే సరైన పద్ధతి.

ఫలితాలతో పాటు సెషన్‌ఇన్ఫో() మొత్తాన్నీ, లా_వెర్షన్()‌నూ, థ్రెడ్ల సంఖ్యనూ ఫైల్లో దాచండి. సిస్టమ్ అప్‌డేట్ అయినప్పుడు లైబ్రరీ కొత్త వెర్షన్‌కు మారుతుంది, కొన్నిసార్లు ఎంపిక కూడా మారిపోతుంది, ఎవరూ చెప్పరు. ప్రతి అప్‌డేట్ తర్వాత 4000 × 4000 కొలతనూ పై శేషాల పరీక్షనూ మళ్లీ నడపండి. రెండూ కలిపి ఒక చిన్న స్క్రిప్టులో పెట్టుకుంటే పని త్వరగా ముగుస్తుంది.